కొడుకు జైల్లో ఉండాలని

ఏ తల్లీ తన కొడుకు జైల్లో ఉండాలని దేవుణ్ణి వేడుకోదు. 2001 చివర్లో న్యూయార్క్ నగరానికి చెందిన ఒక తల్లి వేడుకుంది. భర్తతో కలిసి మక్కాకు వెళ్లి మరీ వేడుకుంది. ముస్లిం కాబట్టి ప్రభుత్వం అనుమానించి ఎక్కడో బంధించి ఉంటుందని, విచారణ అయ్యాక వదిలేస్తుందని ఆమె తనకు తాను చెప్పుకుంది. జైల్లో ఉన్నాడంటే ప్రాణాలతో ఉన్నట్టే కదా. ఆ కన్నకడుపుకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఆమె పేరు తలత్ హమ్దానీ. బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే టీచరు. పాకిస్తాన్ నుంచి వలస వెళ్లిన కుటుంబం. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు మహమ్మద్ సల్మాన్. 1977 డిసెంబరులో కరాచీలో పుట్టాడు. ఏడాది నిండిన కొద్ది రోజులకే తల్లిదండ్రుల వెంట అమెరికా చేరాడు. అతనికి ఊహ తెలిసిందీ, ఆటలాడిందీ, చదువుకున్నదీ అంతా న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలోనే. హైస్కూల్లో అక్కడి పిల్లలందరిలాగే అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. స్టార్ వార్స్ సినిమాలంటే ఎంత పిచ్చంటే, కారు నంబరు ప్లేటు మీద ‘యంగ్ జెడై’ అని రాయించుకున్నాడు.

క్వీన్స్ కాలేజీలో చదివి 2001 వేసవిలో పట్టా పుచ్చుకున్నాడు. మన్‌హాటన్‌లో రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయం పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరాడు. దాంతోపాటు ఈఎంటీగా కూడా పనిచేసేవాడు. మన 108 బండిలో రోగి పక్కన కూర్చుని ఊపిరి నిలబెట్టే మనిషి ఉంటాడే, ఆ పని. కాలేజీ రోజుల్లోనే న్యూయార్క్ పోలీసు శాఖలో క్యాడెట్‌గా చేరి శిక్షణ పొందాడు. అంటే ప్రమాదం జరిగిన చోటి నుంచి దూరంగా పరుగెత్తడం కాదు, అటువైపే పరుగెత్తడం నేర్చుకున్న కుర్రాడు. అప్పటికి అతని వయసు 23.

సెప్టెంబరు 11 మంగళవారం ఉదయం ఎప్పటిలాగే ఉద్యోగానికి బయల్దేరాడు. క్వీన్స్ నుంచి మన్‌హాటన్ వెళ్లే మెట్రో రైలు చాలా దూరం నేల మీద కాక ఎత్తయిన వంతెన మీద నడుస్తుంది. కిటికీలోంచి చూస్తే నది అవతల ఆకాశహర్మ్యాలన్నీ కనిపిస్తాయి. ఆ ఉదయం అతనికి అక్కడి నుంచే పొగ కనబడి ఉంటుందని ఇంట్లోవాళ్ల నమ్మకం. అతను పనిచేసే ప్రయోగశాల ఉన్నది నగరానికి ఎగువన. మంటలు ఎగసింది నగరం దిగువ కొసన, వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లలో. ప్రయోగశాలకు అతను చేరలేదు. సాయంత్రం ఇంటికీ రాలేదు.

తల్లిదండ్రులు అందరిలాగే వెతికారు. ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లో న్యూయార్క్ గోడల నిండా కనిపించకుండా పోయినవాళ్ల ఫోటోలే. భర్త కోసం భార్య, తమ్ముడి కోసం అక్క, కూతురి కోసం తండ్రి అంటించిన కాగితాలు. ఆ వేలాది ముఖాల్లో సల్మాన్ ముఖం కూడా ఒకటి. అక్కడి దాకా అతని కథ మిగతావాళ్ల కథే.

తేడా ఆ తర్వాత మొదలైంది.

మిగతా ఇళ్లకు అధికారులు వచ్చింది ఓదార్చడానికి. హమ్దానీల ఇంటికి వచ్చింది ప్రశ్నలు అడగడానికి. మీవాడు ఇంటర్నెట్‌లో ఏం చూసేవాడు? ఎవరితో మాట్లాడేవాడు? రాజకీయాల గురించి ఏమనేవాడు? కొడుకు ఎక్కడున్నాడో చెప్పండి బాబూ అని తల్లి అడుగుతుంటే, వాళ్లూ ఆమెను అదే అడుగుతున్నారు. ఆమె అడిగేది బతికి ఉన్నాడేమోనన్న ఆశతో. వాళ్లు అడిగేది పారిపోయాడేమోనన్న అనుమానంతో.

పోలీసు శాఖలో అతని క్యాడెట్ ఫోటోతో ఒక కరపత్రం తిరిగింది. ఇతను కనిపిస్తే ఆపి ఉంచి కబురు చేయండి అని దాని సారాంశం. అక్టోబరు 12న న్యూయార్క్ పోస్ట్ దినపత్రిక అతని మీద కథనం వేసింది. కనబడకుండా పోయాడా, లేక దాక్కున్నాడా అని శీర్షికలోనే అడిగింది. పాకిస్తాన్‌కు చెందిన క్యాడెట్ అని రాసింది. పదమూడు నెలల వయసు నుంచి అమెరికాలోనే పెరిగి, ఆ నగరపు పోలీసు శాఖలోనే శిక్షణ పొందిన కుర్రాడు ఒక్క శీర్షికతో పరాయి దేశపు మనిషైపోయాడు.

ఆ రోజుల్లో ఆచూకీ తెలియని వాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరి గురించీ ఏ పత్రికా దాక్కున్నాడేమో అని అడగలేదు. అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు, రాకూడదు కూడా. సల్మాన్ విషయంలో మాత్రం వచ్చింది. దానికి ఆధారం ఏమిటని వెతికితే చివరికి మిగిలేవి రెండే. అతని పేరు, అతని మతం.

తల్లి ఆశ దగ్గరికి మళ్లీ వద్దాం. కొడుకు జైల్లో ఉన్నాడేమో అని ఆమె అనుకోవడం పిచ్చితనం కాదు. అప్పుడు అలాంటి జైళ్లు నిజంగానే ఉన్నాయి. అమెరికా న్యాయశాఖకు చెందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సెప్టెంబరు 11 దర్యాప్తు పేరుతో వీసా నిబంధనల కింద నిర్బంధించినవాళ్లు 762 మంది. ఒక్కొక్కరి మీద అనుమానం లేదని తేల్చడానికి సగటున 80 రోజులు పట్టింది. అందులో 84 మందిని న్యూయార్క్‌లోనే, బ్రూక్లిన్‌లోని ఒక నిర్బంధ కేంద్రంలో పెట్టారు. కావలివాళ్లు అక్కడి గోడకు అమెరికా జెండా ముద్రించిన టీషర్టు ఒకటి అంటించి, తెచ్చినవాళ్ల మొహాలను దానికేసి కొట్టారని అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ తర్వాతి నివేదికలో నమోదు చేశాడు.

ఇంకో సంగతి కూడా మొదటి నివేదికలో ఉంది. మావాడు ఇక్కడున్నాడా అని బంధువులో వకీలో వచ్చి అడిగితే, లోపలే ఉన్న మనిషిని కూడా లేడని చెప్పి పంపేసిన సందర్భాలు ఆ కేంద్రంలో చాలా ఉన్నాయట. కనుక లేడని చెప్పినా ఉండవచ్చు. తలత్ పట్టుకుని వేలాడిన ఆశ ఇదే. మక్కాలో ఆమె ఏ మాటలతో వేడుకుందో మనకు తెలియదు. కానీ మొహాన్ని గోడకేసి కొట్టే జైల్లో కొడుకు ఉండటమే మేలని ఒక తల్లి కోరుకోవాల్సి వచ్చిందంటే, చుట్టూ ఉన్న సమాజం ఆమెకు వేరే దారి ఏదీ మిగల్చలేదని అర్థం.

ఇలాంటివి చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబు ఒకటుంది. చెడ్డవాళ్లు చెప్పేది కాదు, మంచివాళ్లు, నెమ్మదస్తులు చెప్పేది. పాపం, అప్పుడు వాళ్లు భయంలో ఉన్నారండీ, మూడు వేల మంది చచ్చిపోయారు, ఎవరు ఎలాంటివాళ్లో తెలియదు, తెలియక అనుమానించారు, తెలిశాక గౌరవించారు కదా అంటారు. భయం సంగతి నేను కాదనను. ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరికీ అది మరపురాదు. కానీ ‘తెలియక’ అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోతాను.

ఆ మాట మన తెలుగువాళ్ల ఇళ్లలోకీ ఒకసారి వచ్చింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్‌లో హైదరాబాద్ యువకుడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. పక్కనే ఉన్న స్నేహితుడు అలోక్ మాదసాని గాయాలతో బయటపడ్డాడు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్లజాతి యువకుడికీ తూటా తగిలింది. కాల్చినవాడు అక్కడి నుంచి పారిపోయి పక్క రాష్ట్రంలోని ఒక బార్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. ఇరాన్‌తో సహా ఏడు ముస్లిం దేశాలవాళ్లు అమెరికాలోకి రాకూడదంటూ కొత్త అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చి అప్పటికి నెల కూడా కాలేదు.

మనమంతా ఏడ్చాం. ఏడ్వాల్సిందే. కానీ ఆ ఏడుపు మధ్యలో ఇక్కడా అక్కడా మనవాళ్ల నోట నేను పదేపదే విన్న మాట, అయ్యో, పొరపాటు పడ్డాడు, మనం వాళ్లం కాదని తెలియక కాల్చాడు అని. అంటే ఎదురుగా కూర్చున్నవాడు నిజంగా ఇరానీయుడే అయితే ఆ తూటా సరైన చోటికే చేరినట్టా? అలా అన్నవాళ్లెవరూ ఆ అర్థంతో అనలేదని నాకు తెలుసు. అయినా ఆ మాటలోపల ఆ అర్థం కూర్చునే ఉంది. ఎవరికి తగలాల్సిన తూటా అది? ఎవరికీ కాదు. ఆ సంగతి ముందుగా చెప్పకుండా మనం ఎవరమో ముందుగా చెప్పుకున్నాం.

అమెరికా ఎఫ్‌బీఐ లెక్కల్లో ముస్లింల మీద ద్వేషంతో జరిగిన ఘటనలు 2000లో 28. 2001లో 481. ఇవి పోలీసుల దాకా వెళ్లి కాగితానికి ఎక్కినవి మాత్రమే. ఇవన్నీ వీధుల్లో, దుకాణాల్లో, బార్లలో మామూలు మనుషులు చేసినవి. వాళ్ల విషయంలో తెలియనితనం అనే వాదన కాసేపు ఒప్పుకుందాం. మరి తెలుసుకోవడమే పనిగా ఉన్నవాళ్ల సంగతేమిటి?

సల్మాన్ కనిపించకుండా పోయిన నెలన్నరకే అమెరికాలో పేట్రియాట్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. ఉగ్రవాదం నుంచి దేశాన్ని కాపాడుకోవడానికని తెచ్చారు. ఇంటి యజమానికి ముందుగా చెప్పకుండా ఇల్లు సోదా చేసి, ఆ సంగతి తర్వాతెప్పుడో చెప్పడానికి 213వ సెక్షన్ వీలిచ్చింది. ఎవరు ఏం కొన్నారు, ఏ లైబ్రరీలో ఏ పుస్తకం తీసుకున్నారు అన్న లెక్కలు కూడా రహస్యంగా తెప్పించుకునే దారి 215వ సెక్షన్ తెరిచింది. విదేశీయుణ్ణి ఉగ్రవాదిగా అనుమానిస్తే నేరం మోపకుండానే ఏడు రోజులు ఉంచేందుకు 412వ సెక్షన్ అనుమతి ఇచ్చింది. చట్టంలో ఎక్కడా ముస్లిం అనే మనిషిని పట్టుకోండి అని రాసి లేదు. కానీ దాని నీడ ఎవరి గుమ్మాల మీద పడిందో మసీదుకు వెళ్లేవాళ్లందరికీ తెలుసు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఓరెగన్ రాష్ట్రంలో బ్రాండన్ మేఫీల్డ్ అనే వకీలు ఉన్నాడు. తెల్లజాతి అమెరికన్, మాజీ సైనికుడు, ఇస్లాం తీసుకున్నవాడు. 2004 మార్చిలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. అక్కడ దొరికిన ఒక సంచి మీది వేలిముద్ర ఇతనిదేనని ఎఫ్‌బీఐ తేల్చింది. కాదని స్పెయిన్ పోలీసులు చెబుతున్నా వినలేదు. అతను మసీదుకు వెళ్లడం, ఉగ్రవాద కేసులో ఉన్న ఒకతనికి పిల్లల సంరక్షణ వ్యాజ్యంలో వకీలుగా నిలవడం కూడా అనుమానానికి కారణాలుగా రాసుకున్నారు. కొత్త చట్టం సులువు చేసిన అధికారాలతో అతని ఇంట్లోకి రహస్యంగా చొరబడ్డారు. ఇంటికొచ్చిన కుటుంబానికి తాము ఎప్పుడూ వేయని గడియ వేసి కనబడింది. తివాచీ మీద తమవి కాని బూటు గుర్తులు కనబడ్డాయి. దొంగలనుకుని భయపడ్డారు. మే నెలలో అతన్ని అరెస్టు చేసి రెండు వారాలు జైల్లో ఉంచారు. ఆ వేలిముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని స్పెయిన్ బయటపెట్టాక వదిలారు. 2006లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి ఇరవై లక్షల డాలర్లు పరిహారం ఇచ్చింది.

దీన్ని కూడా తెలియక జరిగిన పొరపాటు అనేవాళ్లున్నారు. స్పెయిన్ పోలీసులు చెప్పారు. చెప్పాక కూడా వినకపోవడాన్ని తెలియకపోవడం అని ఎలా అంటాం?

ఇక సల్మాన్. 2002 మార్చిలో ఒక రాత్రి పొద్దుపోయాక పోలీసు అధికారులు హమ్దానీల తలుపు తట్టారు. ఉత్తర టవర్ శిథిలాల దగ్గర దొరికిన అవశేషాలు అతనివేనని డీఎన్ఏ పరీక్షలో తేలిందని చెప్పారు. ఈఎంటీలు మోసుకెళ్లే మందుల సంచి అతని పక్కనే దొరికింది. ఆ సంచే చెప్పాల్సినదంతా చెప్పింది. అతను దాక్కోలేదు. పారిపోలేదు. పోలీసులు అతని స్నేహితుల గురించి ఆరా తీస్తున్నప్పుడు, పత్రిక శీర్షికలు పెడుతున్నప్పుడు, తల్లి మక్కాలో చేతులెత్తి నిలబడ్డప్పుడు, అతను ఆ శిథిలాల కిందే ఉన్నాడు. పని ఎగ్గొట్టి వెళ్లింది ముక్కూ మొహం తెలియనివాళ్లను బతికించడానికి.

ఏప్రిల్ 5న మన్‌హాటన్‌లోని ఇస్లామిక్ కల్చరల్ సెంటర్‌లో జనాజా నమాజు జరిగింది. శవపేటిక మీద అమెరికా జెండా కప్పారు. పోలీసు లాంఛనాలన్నీ చేశారు. మేయర్ బ్లూమ్‌బర్గ్ వచ్చి అతన్ని వీరుడన్నాడు. పోలీసు కమిషనర్ రేమండ్ కెల్లీ కూడా వచ్చాడు. తల్లి కొడుకును పోగొట్టుకుంది గాని కొడుకు పేరు తిరిగి తెచ్చుకుంది అని ఆ రోజు అందరూ అనుకుని ఉంటారు.

కథ అక్కడ ఆగితే, తెలియక అనుమానించారు, తెలిశాక గౌరవించారు అన్న వాదన నిలిచేది. ఆగలేదు. అదే కెల్లీ కమిషనర్‌గా ఉండగానే న్యూయార్క్ పోలీసులు ఒక ప్రత్యేక దళం పెట్టి ముస్లింలు టీ తాగే హోటళ్లు, నమాజు చేసే మసీదులు, చదువుకునే కాలేజీల మీద నిఘా వేశారు. ఈ సంగతిని అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు 2011లో బయటపెట్టారు. ఆ కథనాలకు మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. పోలీసులు కన్నేసి ఉంచిన ముస్లిం విద్యార్థి సంఘాల్లో క్వీన్స్ కాలేజీ సంఘం కూడా ఉంది. అది సల్మాన్ చదివిన కాలేజీ. ఆ దళం విన్న మాటల్లోంచి ఒక్క ఉగ్రవాద కేసుకైనా ఆధారం దొరికిందా అని అడిగితే, ఆరేళ్లలో అలాంటిది ఏదీ లేదని 2012లో ఆ శాఖ అధికారే ప్రమాణం చేసి ఒప్పుకున్నాడు. 2014లో దాన్ని ఎత్తేశారు.

2011 మార్చిలో అమెరికా కాంగ్రెస్‌లో ముస్లిం సమాజం తీవ్రవాదం వైపు వెళుతోందా అన్న అంశం మీద విచారణ పెట్టారు. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి ముస్లిం కీత్ ఎల్లిసన్ అక్కడ సాక్ష్యం ఇస్తూ సల్మాన్ కథ చెప్పాడు. అతను ముస్లిం అన్న ఒక్క కారణంతో ఎన్ని పుకార్లు పుట్టించారో, శవం దొరికాక గాని అవి ఎలా అణగలేదో చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయి, అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. దేశం కోసం చచ్చిపోయినవాడి కథ చెప్పి, మేమూ ఈ దేశం వాళ్లమేనండీ అని ఒక పార్లమెంటు సభ్యుడు నిరూపించుకోవాల్సి రావడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

ఆ ఏడాదే సెప్టెంబరులో, దాడులు జరిగి పదేళ్లయిన రోజున, టవర్లు కూలిన చోట స్మారకం తెరిచారు. రెండు పెద్ద కొలనులు, చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లు. పేర్లను అక్షరక్రమంలో కాకుండా బంధాలను బట్టి చెక్కారు. ఒకే ఆఫీసులో పనిచేసినవాళ్లు ఒకచోట. ఒకే విమానంలో ఉన్నవాళ్లు ఒకచోట. కాపాడటానికి వెళ్లి ప్రాణాలిచ్చిన పోలీసులు, అగ్నిమాపక దళంవాళ్లు, ఈఎంటీలు ఒకచోట. తలత్ వెళ్లి చూస్తే ఆ కాపాడినవాళ్ల వరుసలో కొడుకు పేరు లేదు. దక్షిణ కొలనులో ఎక్కడో చివరన, ఎస్-66 అనే పలక మీద ఉంది. ఏ వరుసలోనూ ఇమడనివాళ్లను, ఆ చోటుతో పెద్దగా సంబంధం లేనివాళ్లను చేర్చిన పలక అది.

పోలీసు శాఖ తన అమరుల జాబితాలోనూ అతన్ని చేర్చలేదు. అప్పటికి అతను క్రియాశీల క్యాడెట్ కాదన్నది వాళ్ల జవాబు. శవపేటిక మీద జెండా కప్పినప్పుడు అడగని రికార్డు, పలక మీద పేరు చెక్కేటప్పుడు అడిగారు. భర్త అప్పటికే చనిపోయాడు. తల్లి ఒక్కతే ఏళ్ల తరబడి అధికారులకు ఉత్తరాలు రాసింది, పత్రికలవాళ్లతో మాట్లాడింది, సభల్లో నిలబడి అడిగింది. 2014లో క్వీన్స్‌లోని బేసైడ్‌లో ఒక వీధికి సల్మాన్ పేరు పెట్టారు. పలక మాత్రం మారలేదు.

ఆ శాఖవాళ్ల మాటే తీసుకుందాం. జాబితాల్లో లేడు, హోదా లేదు, ఆ రోజు ఎవరూ అతన్ని పంపలేదు. అతను కాపాడటానికే వెళ్లాడని చెప్పే అధికారిక కాగితం కావాలి. తల్లి మాట చాలదు. మందుల సంచి చాలదు. మేయర్ ఉపన్యాసం చాలదు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితమే కావాలి.

అలాంటి కాగితం ఒకటి ఉంది. దాన్ని అమెరికా ప్రతినిధుల సభలో 357 మంది ఆమోదించారు. సెనేట్‌లో 98 మంది ఆమోదించారు, వద్దన్నది ఒక్కరే. వైట్ హౌస్‌లో అధ్యక్షుడు జార్జ్ బుష్ దాని మీద సంతకం చేశాడు. ముస్లిం అమెరికన్ల మీద వివక్ష తప్పని, వాళ్లలో ఎందరో ఆ దాడుల రోజున వీరోచితంగా నిలబడ్డారని 102వ సెక్షన్‌లో రాసి ఉంది. అలా నిలబడ్డవాళ్లలో పేరు పెట్టి చెప్పింది ఒక్కరినే. పాకిస్తానీ మూలాలున్న 23 ఏళ్ల న్యూయార్క్ యువకుడు మహమ్మద్ సల్మాన్ హమ్దానీ, సాయం చేయడానికి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాడని భావిస్తున్నామని, ఇప్పుడు ఆచూకీ లేదని.

సంతకం తేదీ 2001 అక్టోబరు 26. దాక్కున్నాడా అని పత్రిక అడిగి అప్పటికి రెండు వారాలు. అతని అవశేషాలు అతనివేనని తేలడానికి ఇంకా అయిదు నెలలు ఉంది. తల్లి ఇంకా అతను ఏదో జైల్లో ఉండి ఉంటాడనే అనుకుంటోంది. అతను వీరుడని దేశాధ్యక్షుడికీ, రెండు సభలకూ అప్పటికే తెలుసు.

ఆ కాగితంలో 102 తర్వాత వచ్చేవే 213, 215, 412 సెక్షన్లు. దాని పేరు పేట్రియాట్ యాక్ట్.